వీసా మీద ఎవరి పేరుంది?

మా గుమ్మఘట్ట మండలంలో ఊరు విడిచిపోవడం కొత్త కాదు. వాన తప్పిన ఏడు శెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే వడలిపోతుంది. అప్పుడు బెంగళూరులో కట్టుబడి పనులకో, తుంగభద్ర ఆయకట్టు కింద సిరుగుప్ప వైపు సుగ్గికో, ఇంకా దగ్గర కావాలంటే రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల మీదికో జనం కదులుతారు. కష్టమైన బతుకే. అయినా ఆ వలసకు ఒక బలం ఉంది. మేస్త్రీ కూలి ఎగ్గొట్టినా, ఒళ్లు బాగలేకపోయినా, ఇంటి దగ్గర తల్లికి జబ్బు చేసిందని ఫోనొచ్చినా, చేతిలో బస్సు చార్జీ ఉంటే చాలు, తెల్లారేసరికి ఊళ్లో దిగొచ్చు. పోతానంటే ఒప్పుకోవాల్సిన మనిషి ఇంకొకడు ఉండడు.

గీత దాటడానికి అనుమతి కావాలన్న ఊహే మావాళ్లకు ఉండదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ రోజు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, తక్కిన బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. వియ్యంకుల ఊళ్లు, ఎద్దులు కొనే సంతలు పరాయి రాష్ట్రంలో పడ్డాయి. అయినా రాకపోకలు ఒక్క పూట ఆగలేదు. మొలకాల్మూరు, చెళ్లకెరె ఇప్పటికీ మాకు పక్క ఊళ్లే. అందుకే కాబోలు, దేశమే దాటాల్సి వచ్చినప్పుడు కూడా మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఏ దేశం?', రెండోది 'జీతమెంత?'. ఏ వీసా అన్నది ఏజెంటు చూసుకుంటాడులే అని వదిలేస్తారు.

బడిలో పంతులుగా పనిచేసినవాణ్ణని ఊళ్లో ఎవరికే కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. పాసుపోర్టు అర్జీలు, బ్యాంకు లోను కాగితాలు, ఇప్పుడు వీసాలు. ఇన్ని చదివాక నాకు ఒక సంగతి గట్టిగా తోచింది. పరాయి దేశంలో ఏళ్ల తరబడి ఉండబోయేవాడు ముందుగా చూసుకోవాల్సింది తన ఉనికి అక్కడ ఎవరి సంతకం మీద నిలబడి ఉంటుందన్నది. జీతం, గడువు, దేశం పేరు అన్నీ దాని తర్వాతే.

ఒక వేసవిలో పక్కూరి పిల్లోడొకడు ఫోనులో కువైట్ వీసా కాపీ తెచ్చాడు.

"కంపెనీ డ్రైవర్ వీసా సార్. లక్షన్నర అడుగుతాండాడు. ఇయ్యాల రేపట్లో కట్టల్లంట."

"చదివినావా?"

"అరబ్బీ కద సార్, యాడ చదివేది?"

పక్కన ఇంకో ఫోను పెట్టి దాని కెమెరా కింద ఆ కాగితాన్ని తెలుగులోకి మార్చి చూశాం. పైన గద్ద బొమ్మ. పిల్లోడి పేరు, పాసుపోర్టు నంబరు సరిగ్గానే ఉన్నాయి. యజమాని అన్న గడిలో మాత్రం కంపెనీ పేరు లేదు, ఒక మనిషి పేరుంది. వృత్తి అన్నచోట 'ఇంటి డ్రైవర్'. వీసా రకం దగ్గర 'మాద్దా 20'. అంటే ఇరవయ్యో ఆర్టికల్. ఆ పిల్లోడు ఆ గడినే చూస్తూ కూర్చున్నాడు. "డ్రైవరే కద సార్, ఇల్లయితే ఏమి, కంపెనీ అయితే ఏమి?" అన్నాడు చివరికి.

కువైట్‌లో ఇరవయ్యో ఆర్టికల్ అంటే ఇంటి పనివాళ్ల వీసా, మావాళ్ల నోట్లో ఖాదిం వీసా. వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు, తోటమాలి అందరూ దీని కిందికే వస్తారు. ప్రైవేటు కంపెనీల్లో పనికి పోయేవాళ్లది పద్దెనిమిదో ఆర్టికల్, అదే షూన్ వీసా. రాజంపేట, రాయచోటి, కదిరి వైపు ఈ రెండు మాటలు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తరాలుగా అక్కడివాళ్లు పోయి వస్తున్నారు. మా మండలం ఆ దారిలో కొత్త. అందుకే మావాళ్లను మోసం చేయడం సులువు.

ఖాదిం వీసా మీద పోయినవాడి నివాసం ఒక కుటుంబం పేరు మీద ఉంటుంది. ఆ ఇంటి పెద్దే కఫీలు. అకామా, అంటే నివాస అనుమతి, రాయించేది ఆయన, రెన్యువల్ చేయించేది ఆయన. పొసగక బయటికొస్తే 'మా ఇంటి నుంచి పారిపోయాడు' అని ఆయన పోలీసులకు ఒక ఫిర్యాదు పెడితే చాలు, ఆ దేశంలో మనవాడి ఉనికికి ఆధారం పోతుంది. చట్టం లేక కాదు. 2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పాసుపోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో రాసుంది. మంచి చట్టం. కానీ ఎవరి మీద ఫిర్యాదు చేయాలో, ఆయన చేతిలోనే మన అకామా ఉంటే ఆ చట్టాన్ని పట్టుకుని గడప దాటడానికి ఎంత ధైర్యం కావాలి! పోనీ వేరే రకం వీసాకు మారదామా అంటే మామూలుగా ఆ తలుపు మూసే ఉంటుంది. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలపాటు ఖాదిం నుంచి షూన్‌కు మారొచ్చని తలుపు తెరిచారు. దానికీ యజమాని ఒప్పుకోవాలనే షరతు.

షూన్ వీసా కొంత నయం. కనీసం కార్మిక చట్టం, జీతం బ్యాంకులో పడడం, ఫిర్యాదుకు ఒక ఆఫీసు ఉంటాయి. అయినా 2025 జులై 1 నుంచి ఆ వీసా మీద ఉన్నవాళ్లు సెలవుకు ఇంటికి రావాలన్నా యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతి చూపించాల్సిందే. తల్లి పోయిందని కబురొస్తే బెంగళూరు మేస్త్రీ దగ్గరున్నవాడు బస్సెక్కుతాడు. కువైట్‌లో ఉన్నవాడు ఆ అనుమతి కోసం యజమాని వైపు చూడాలి.

'ఆజాద్ వీసా' అని ఇంకొకటి చెబుతారు. ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా చేసుకోవచ్చంట. అలాంటి వీసా చట్టంలో లేనే లేదు. ఎవరో ఒక కఫీలు డబ్బు తీసుకుని తన పేరు అరువిస్తాడు, మనవాడు బయట పని వెతుక్కుంటాడు, రెన్యువల్ వచ్చినప్పుడల్లా మళ్లీ కట్టాలి. తనిఖీల్లో దొరికితే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అకామా తెగిపోయి అక్కడే దాక్కుని బతికేవాళ్లను గల్ఫ్ తెలుగువాళ్లు ఖల్లివెల్లి అంటారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా కువైట్ అలాంటివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు, లేదా జరిమానా కట్టి కాగితాలు సరిచేసుకోవచ్చు. క్షమాభిక్ష అన్న ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. కష్టం చేసుకుని బతకడానికి పోయినవాడు క్షమాపణకు పాత్రుడవ్వాల్సి రావడం ఏమిటి?

గొర్రెల మందలు తోలుకుని మేత కోసం జిల్లాలు దాటడం మా ప్రాంతపు కురుబలకు తరతరాల అలవాటు. నెలల తరబడి ఆకాశం కింద పడుకోవడం వాళ్లకు భయం కాదు. అందుకే 'సౌదీలో గొర్రెలు మేపే పని' అని ఎవడైనా వస్తే, తెలిసిన పనే కదా అని మొగ్గు చూపుతారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. సౌదీ 2021 మార్చిలో కార్మికులు యజమానిని మార్చుకోవడాన్ని, దేశం విడిచి పోవడాన్ని తేలిక చేస్తూ సంస్కరణలు తెచ్చింది. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, పొలం పనివాళ్లు, గొర్రెల కాపరులు మాత్రం వాటి కిందికి రారు. ఎవరికి ఆ వెసులుబాటు ఎక్కువ అవసరమో వాళ్లనే పక్కన పెట్టారు. 2024 జులైలో కువైట్ ఎడారిలో పశువులను, పక్షులను చూసుకునే పనిలో ఒంటరిగా చిక్కుకుపోయిన రాయలసీమ మనిషి ఏడుస్తూ పంపిన వీడియోను రాష్ట్రమంతా చూసింది. ప్రభుత్వం కల్పించుకున్నాక ఇల్లు చేరాడు. వీడియో తీయడానికి ఫోనులో చార్జింగు లేనివాళ్ల సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఇది ఇవాళ్టి రోగం కూడా కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల నుంచి తెలుగువాళ్లు మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు పోయింది ఐదేళ్ల ఒప్పందం మీద. దాన్నే గిరిమిట్ అన్నారు. ఆ ఐదేళ్లూ తోట మారకూడదు, దొర మారకూడదు. పని మానేస్తే జైలు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్లను మారిషస్‌లో కొరింగీలని పిలిచేవాళ్లు. 1917లో ఆ చేర్పులు ఆగాయి. ఎంతో పోరాటం చేస్తే ఆగాయి. మనిషి నివాసాన్ని ఒక్క యజమానికి కట్టేసే పద్ధతి మాత్రం కొత్త పేర్లతో ఇంకా నడుస్తోంది.

మన వైపు నుంచి కొన్ని రక్షణలు ఉన్నాయి. వాటిని అడ్డంకులనుకుని తప్పించుకునేవాళ్లే ఎక్కువ. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివాళ్ల పాసుపోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. గల్ఫ్‌తో సహా కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు ప్రవాస సంరక్షకుడి అనుమతి తీసుకోవాలి. ఈసీఆర్ పాసుపోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. ఈ మొత్తం దారిని దాటవేయడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతామంటారు. అట్లా పోయినవాడు మన ప్రభుత్వం లెక్కలో కార్మికుడు కాడు, ఆ దేశపు లెక్కలో అతిథి. పని చేసే హక్కు లేని అతిథి. ఆ పిల్లోడికి నేను చెప్పింది ఇంతే: లక్షన్నర అడిగినప్పుడే ఆ ఏజెంటు ఎవరో తెలిసిపోయింది, ఆ కాగితం చూశాక మిగతాది కూడా తెలిసింది. వాడు డబ్బు కట్టలేదు. బెంగళూరులో క్యాబ్ తోలుతున్నాడు.

మా ప్రాంతంలో ఈ విషయం ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థం కావాలంటే నేను కౌలు సంగతి ఎత్తుతాను. కౌలుకు చేను చేసేవాడు దున్నుతాడు, విత్తుతాడు, ఎరువుకు అప్పు తెస్తాడు. పంట నష్టపరిహారం వచ్చినప్పుడు ఆ డబ్బు చాలాసార్లు పాసుపుస్తకంలో పేరున్నవాడి ఖాతాలో పడుతుంది. బ్యాంకు లోను కూడా ఎక్కువగా పట్టాదారుకే. వచ్చే ఏడు చేను వేరేవాడికిస్తానంటే కౌలుదారు లేచిపోవాలి. ఎన్నేళ్లు చేశాడన్నది ఎవరూ అడగరు. దీర్ఘకాలపు వీసాల్లోనూ ఈ రెండు జాతులే ఉన్నాయి. కొన్ని కౌలు వీసాలు, కొన్ని పట్టా వీసాలు. కౌలు వీసా ఎన్నేళ్లు పొడిగించినా కౌలే.

ఈ తేడా గల్ఫ్‌కు మాత్రమే అనుకుంటారు. చదువుకున్నవాళ్ల వీసాల్లోనూ ఇదే ఉంది, కాకపోతే నున్నగా ఉంటుంది. 1946లో మొదలైన అనంతపురం ఇంజినీరింగు కాలేజీలో మా మండలం పిల్లలు సీటు తెచ్చుకుంటే ఊరంతా సంబరపడుతుంది. నాలుగేళ్లయ్యాక అమెరికా మాట మొదలవుతుంది. తండ్రి చేను తాకట్టు పెట్టి లోను తెస్తాడు, పిల్లవాడు ఎఫ్‌-1 వీసా మీద పోతాడు. ఇంట్లో అందరి మనసులోనూ అది అమెరికాలో స్థిరపడే వీసా. ఆ దేశపు చట్టంలో మాత్రం అది చదువుకుని తిరిగొచ్చే వీసా. ఇంటర్వ్యూలో ఆఫీసరు వెతికేది కూడా తిరిగి వస్తాడా లేదా అన్నదే. తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్పేవాళ్లు లేరు. చదువయ్యాక ఒక ఏడాది పని చేయనిస్తారు, సైన్సు, ఇంజినీరింగు చదువులకైతే ఇంకో రెండేళ్లు. ఆలోపు హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా రావాలి.

హెచ్‌-1బి 1990 చట్టంతో వచ్చింది. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో పీజీ చదివినవాళ్లకు ఇంకో 20 వేలు. మూడేళ్లు, ఆపైన మూడేళ్లు. అర్జీ పెట్టేది కంపెనీ. ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ దొరకబుచ్చుకోవడానికి 60 రోజులు. ఆ రెండు నెలల్లో ఇంటి అద్దె, కారు అప్పు, పిల్లల బడి అన్నీ గాలిలో ఉంటాయి. భార్యకు హెచ్‌-4. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఒక దశ దాటితేనే ఆమె పని చేయొచ్చన్న నిబంధన 2015లో వచ్చింది, అంతకు ముందు అదీ లేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే గనక మనవాళ్ల వరుస పదేళ్లు దాటిపోయింది. ఈలోగా చిన్నప్పుడు తీసుకెళ్లిన బిడ్డకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుంది. తాను పెరిగిన దేశంలోనే ఉండడానికి ఆ బిడ్డ మళ్లీ వేరే వీసా వెతుక్కోవాలి. ఇవన్నీ చాలవన్నట్టు 2025 సెప్టెంబరులో దేశం బయటి నుంచి వచ్చే కొత్త హెచ్‌-1బి అర్జీల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కువైట్ కఫీలుకూ, అమెరికా కంపెనీకీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. జీతం వేరు, గౌరవం వేరు, కోర్టు తలుపు తెరిచి ఉంటుంది. కానీ ఉండడం ఎవరి పేరు మీద ఉందని అడిగితే జవాబు రెండుచోట్లా ఒకటే, నీ పేరు మీద లేదు.

ఇంగ్లండులో జరిగిందింకా కళ్ల ముందే ఉంది. వృద్ధుల సంరక్షణ పనికి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు ఇప్పిస్తామని లక్షలు గుంజారు. తీరా పోయాక యజమాని లైసెన్సు రద్దయితే 60 రోజుల్లో ఇంకొకరిని వెతుక్కోవాలి. 2025 జులై 22 నుంచి బయటి దేశాల వాళ్లకు ఆ ఉద్యోగపు వీసా దారే మూసేశారు. వీసా నియమాలు మనకు ఓటు లేని దేశంలో రాస్తారు. మనం దారిలో ఉండగానే మారుస్తారు. నేటి నియమాన్ని నమ్ముకుని పదేళ్ల లెక్క వేసుకోకూడదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

పట్టా వీసాలూ ఉన్నాయి. కెనడా 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పేరుతో వయసు, చదువు, భాష, అనుభవానికి మార్కులు వేసి నేరుగా శాశ్వత నివాసం ఇస్తుంది. ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉంటే చాలు, ఏ కంపెనీలో చేస్తున్నావని అడగరు. ఆస్ట్రేలియాలో 189వ తరగతి వీసా అట్లాంటిదే. 491 అయితే ముందు చిన్న ఊళ్లలో మూడేళ్లు గడిపి ఆ తర్వాత శాశ్వతానికి అడగాలి. రెంటికీ 45 ఏళ్లలోపు ఉండాలి. జపాన్ నైపుణ్య వీసాలో మొదటి రకం మీద పోతే ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకుపోకూడదు. రెండో రకానికి ఎదిగితే తీసుకుపోవచ్చు. గల్ఫ్‌లో కూడా గాలి కొంత మారింది. ఎమిరేట్స్ 2022లో తెచ్చిన గ్రీన్ వీసాకు కఫీలు అక్కర్లేదు, ఐదేళ్లు తన పేరు మీదే ఉండొచ్చు. అయితే అది చదువు, జీతం బాగా ఉన్నవాళ్లకే. వంటమనిషికి కాదు.

అందరూ పట్టా కోసమే పోవాలని నేననను. అప్పు తీర్చుకుని, బోరు వేయించుకుని నాలుగేళ్లలో తిరిగి రావాలనుకునేవాడికి గల్ఫ్ వీసా సరైనదే, దాని మీద పని పేరు, యజమాని పేరు, జీతం నిజమైతే. వాడికి శాశ్వత నివాసంతో పనేముంది? చిక్కంతా తిరిగి రావాలనుకునేవాడు, ఉండిపోవాలనుకునేవాడు ఒకే కాగితం మీద సంతకం పెట్టినప్పుడు వస్తుంది. కాబట్టి 'ఎన్నేళ్లకు పోతాండావు?' అని అడిగే ముందు 'ఎందుకు పోతాండావు?' అని ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. టికెట్టుకు, ఏజెంటుకు, కొత్త బట్టలకు పెట్టే శ్రద్ధలో పావు వంతు ఈ మాటకు పెడితే చాలు.

ఇక పట్టా వీసాకు కూడా వెనకవైపు ఒక గీత ఉంది. మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం ఇంకో దేశపు పౌరసత్వం కోరి తీసుకున్నవాడు భారత పౌరుడిగా ఉండడు. 2005లో తెచ్చిన ఓసీఐ కార్డుతో వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఎన్నేళ్లయినా ఉండొచ్చు, ఓటు ఉండదు. అసలు నొప్పి ఇంకోచోట ఉంది. ఓసీఐ అయినా, పౌరసత్వం మారకుండా ప్రవాసిగా ఉన్నా, ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు. బహుమతిగా తీసుకోకూడదు కూడా. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇక్కడ ఉన్నప్పుడు తన పేరు మీద ఉన్నదాన్ని కూడా ఉంచుకోవచ్చు. హైదరాబాదులో ఫ్లాటు కొనే ప్రవాసికి ఇది తెలియనే తెలియదు. రైతు బిడ్డకు తెలియాలి.

మా భూముల విలువ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. వేదవతి మీద మా మండలంలోనే భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది, పేరుకు. పైన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం 1933లో నిండాక మళ్లీ నిండింది 2022లోనే. ఎగువన నీళ్లు లేనప్పుడు మా జలాశయంలో ఏముంటుంది? హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లి నుంచి తెచ్చి దీన్ని నింపాలన్నది మా రైతుల ఏళ్లనాటి కోరిక. నీళ్లు లేని చేను పిల్లలకెందుకు, అమ్మి చదివిద్దాం అనే తండ్రులున్నారు. ఎండినా నా చేనే అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల వైపు. నీళ్లు వచ్చే రోజుకు ఆ గట్టు మీద నిలబడే హక్కు బిడ్డకు ఉండాలి.

ఈ మధ్య మా ఊరి అమ్మాయి విషయంలో ఇదంతా ఒకేసారి ముందుకొచ్చింది. నర్సింగు చదివి బెంగళూరు ఆస్పత్రిలో పని చేస్తోంది. సౌదీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, ఉండడానికి గది, పన్ను లేని జీతం. జర్మనీకైతే ముందు భాష నేర్చుకోవాలి, అక్కడి ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేస్తూ తన చదువుకు వాళ్ల గుర్తింపు తెచ్చుకోవాలి. ఆ కొన్నాళ్లూ ఆమె కూడా ఆ ఆస్పత్రికి కట్టుబడే ఉంటుంది. గుర్తింపు వచ్చాక వేరే ఆస్పత్రికి మారొచ్చు, నిపుణురాలిగా మూడేళ్లు పనిచేశాక శాశ్వత నివాసం అడగొచ్చు, పెళ్లయితే భర్తను పిలిపించుకోవచ్చు.

వాళ్ల నాయన సౌదీ వైపే ఉన్నాడు. "వచ్చే నెల జీతమొస్తాది సార్. ఆ భాష నేర్చుకునేకి ఎవురు పెట్టల్ల?" అన్నాడు. ఆయన మాటలో అన్యాయం లేదు, బోర్ల అప్పు ఇంకా మిగిలే ఉంది. అమ్మాయి మాత్రం ఒక్క మాటే అంది: "నాయనా, ఆడ పడకపోతే ఇంకో ఆస్పత్రికి పోయేకి ఎవురినీ అడగబన్లేదు." నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఖర్చు లెక్క కాగితం మీద వేశాం. ఇప్పటి జీతంతోనే, ఉద్యోగం మానకుండా బెంగళూరులో మాక్స్ ముల్లర్ భవన్ తరగతులకు పోతూ జర్మన్ భాషలో బి2 స్థాయి దాకా చదవొచ్చని తేలింది. ఆలస్యమవుతుంది, అప్పు మాత్రం పెరగదు.

అప్పుడు ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "అయితే బిడ్డ ఆ దేశంది అయిపోతాది. చేన్లో దాని భాగమెట్ల సార్?" ప్రవాసి అయ్యాక దానపత్రం రాసినా చెల్లదని, ఇప్పుడు రాస్తే చెల్లుతుందని, ఎక్కడున్నా ఉంచుకోవచ్చని చెప్పాను. కొడుకునూ పిలిచి కూర్చోబెట్టాడు. అన్నకూ చెల్లెలికీ చెరి సగం అని ఆ పూటే ఒప్పుకున్నారు. సర్వేయరు వచ్చి హద్దులు కొలవాలి, రాయదుర్గంలో రిజిస్ట్రేషను కావాలి, పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కాలి. అటు బి2 పరీక్ష రాయాలి. ఈ రెండూ అయ్యాకే వీసా అర్జీ అని తేల్చుకున్నారు. సౌదీ ఏజెంటుకు ఆమె రాదని అదే రోజు ఫోను చేసి చెప్పేశారు.